కొల్లాయి, కిల్టు, గళ్లలుంగీ

దుస్తులను గురించి విమర్శవ్యాసమేమిటని పాఠకులు నవ్వవచ్చు. దుస్తులను చూసి మనం నవ్వే నవ్వే ఇక్కడ నా విషయం.

నెల్లూరులో ఒక పెళ్లికి పోయాను. కల్యాణమండపం గేటు దగ్గర బ్యాగ్‌పైపులు వాయించే బ్యాండువాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. ఎర్రగళ్ల కిల్టులు, మోకాళ్ల కిందిదాకా మేజోళ్లు. స్కాట్లండు కొండప్రాంతాల వేషం. జనం మూగి ఫోటోలు తీసుకుంటున్నారు. అదే సమయానికి మైపాడునుంచి, సముద్రంలో వేటాడి బతికే ఒకాయన వచ్చాడు. ఉతికిన గళ్లలుంగీ, తెల్లచొక్కా, చేతిలో శుభలేఖ. “లుంగీతో లోపలికి పంపొద్దన్నారు” అని గేటుమనిషి ఆపాడు.

ఆయన నావంక చూశాడు. ఆయన కొడుకు నా దగ్గర చదువుకున్నవాడు. నేను నోరు విప్పలేదు. “పోనీలే అయివోరా, మీరు పోండి, నేను ఈడనే ఉంటాలే” అని ఆయనే పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు. నేను లోపలికి పోయాను.

బ్యాండువాళ్ల మోకాళ్లు కనబడుతున్నాయి. ఈయన చీలమండలు కూడా కనబడలేదు. కాబట్టి అక్కడి అభ్యంతరం ఒళ్లు కనబడటాన్ని గురించి కాదు. పోనీ, బ్యాండువాళ్లకు దక్కింది గౌరవమా? అదీ కాదు. వాళ్లూ కూలికి వచ్చినవాళ్లే. ఆ వేషం విప్పి తమ లుంగీలు కట్టుకుంటే అదే గేటు వాళ్లనూ ఆపేది. లోపలికి పోయింది మనుషులు కాదు, పెళ్లివారి దర్జా.

ఈ కిల్టు చరిత్రే మనకు కొంత పాఠం చెబుతుంది. 1746లో కలోడెన్ యుద్ధంలో స్కాట్లండు తిరుగుబాటును అణచిన తర్వాత బ్రిటిషు పార్లమెంటు ఆ కొండజనం దుస్తులను నిషేధించింది. మొదటి తప్పుకు ఆరునెలల జైలు, రెండవసారికి ఏడేళ్ల ద్వీపాంతరం. రాజుగారి సైన్యంలో చేరినవాడికి మాత్రం మినహాయింపు! 1782లో నిషేధం ఎత్తివేశారు. 1822లో నాలుగవ జార్జి ఎడింబరోకు వచ్చి తానే కిల్టు తొడిగాడు. ఆ ఉత్సవాన్ని నడిపించినవాడు నవలాకారుడు వాల్టర్ స్కాట్. అంతకు కొద్ది ఏళ్లముందే సదర్లండులో గొర్రెలమేతకోసం వేలాది రైతుకుటుంబాలను భూములనుంచి వెళ్లగొట్టారు. కట్టుకున్నవాళ్లు ఊళ్లు విడిచిపోతూ ఉంటే, కట్టుకున్న బట్ట దర్బారులో జాతీయచిహ్నమై కూర్చుంది.

మన దగ్గరకే వద్దాం. 1921 ఏప్రిల్ 7న గాంధీ పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించేనాటికి ఇంకా చొక్కా, టోపీ విడువలేదు. ఆ సెప్టెంబరులో మదురైలో కొల్లాయికి మారాడు. 1931లో ఆ కొల్లాయితోనే బ్రిటిషుచక్రవర్తి విందుకు పోయాడు. సహాయనిరాకరణ కాలపు గ్రామజీవితాన్ని చిత్రించిన తన నవలకు మహీధర రామమోహనరావు ‘కొల్లాయి గట్టితేనేమి?’ అని పేరు పెట్టాడు. ఆ మాట బసవరాజు అప్పారావు గాంధీపై రాసిన పాటలోనిది. ఆ “ఏమి?” అన్న ప్రశ్నలో సామ్రాజ్యాన్ని ధిక్కరించే తేజస్సు ఉంది. దాన్ని నేను తక్కువ చేయడంలేదు. కాని ఆ ప్రశ్న ఎవరి తరఫున అడుగుతున్నామో గమనించాలి. విడవడానికి కోటున్నవాడు కొల్లాయి కడితే అది త్యాగం. కోటు ఎన్నడూ ఎరగనివాడు లుంగీ కడితే అది అమర్యాద. అతని తరఫున “లుంగీ కడితేనేమి?” అని అడిగినవాళ్లు అరుదు.

చట్టంసంగతి చూడండి. 2014 జూలైలో చెన్నైలోని ఒక క్రికెట్ క్లబ్బు, పంచె కట్టుకువచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. ఆగస్టుకల్లా తమిళనాడు శాసనసభ ఆ ఆంక్షలను తొలగిస్తూ చట్టం చేసింది. మంచిపనే. అయితే పంచెకు న్యాయం జరగడానికి దాన్ని ఒక న్యాయమూర్తి కట్టవలసివచ్చిందన్నది మరువరాదు.

ఇందులో మన సాహిత్యానికీ సినిమాకూ వంతు లేదా? తెరమీద గళ్లలుంగీ కనబడగానే అతను రౌడీ అని ప్రేక్షకుడు పోల్చుకునేటంతగా అలవాటు చేశాం. కథల్లోనేమో తీరప్రాంతపు మనిషిని జాలికోసమో, వర్ణనలోని అందంకోసమో నిలబెట్టాం. సభలో మనపక్క కుర్చీలో కూర్చుని మన మాటను కాదనగల మనిషిగా ఎంతమంది రాశాం? బట్ట ఒక భాష అయితే దాని అర్థాలను నిర్ణయించే అధికారం ఆస్తి ఉన్నవాళ్లదే అయింది. మనం ఆ నిఘంటువును దిద్దకుండానే వాడుకుంటున్నాం.

తర్వాత ఒక ఆదివారం మైపాడు పోయి ఆయనను కలిశాను. ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను సిగ్గుపడుతూ ఆనాటి మాట ఎత్తాను. ఆయన వలమీదినుంచి చూపు తిప్పకుండానే, “మీరు మాట్లాడుంటే మిమ్మల్ని గూడా ఆపేవోళ్లేమో అయివోరా” అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడు. కాని నామీద అంతకుమించిన విమర్శ లేదు. ఆపనివ్వవలసింది.