సేవకుని శ్రమయు, ఆయనను తప్పుగా నెంచిన మనమును

యెషయా గ్రంథము 53వ అధ్యాయము శ్రమల కాలమునందు మన సంఘములలో తప్పక చదువబడును. ఆదివారపు బడి పిల్లలు సయితము అందలి వచనములను కంఠస్థముగా చెప్పగలరు. అయితే బాగుగా ఎరిగిన వాక్యమునందే మనము చూడక విడిచిపెట్టు సంగతులు అనేకములు గలవు. గనుక దానిని నింపాదిగా చదువుదము.

మొదట, ఈ ప్రవచనము ఎక్కడ ఆరంభమగుచున్నదో చూడుడి. అధ్యాయములుగా విభాగించినవాడు ప్రవక్త కాడు. అది 13వ శతాబ్దమున జరిగిన పని. ప్రవచనము 52వ అధ్యాయము 13వ వచనముననే మొదలగుచున్నది. అక్కడనుండి మూడేసి వచనముల చొప్పున అయిదు భాగములు, మొత్తము 15 వచనములు గలవు. మొదటను చివరను దేవుడే మాటలాడి, తన సేవకుడు ఘనత నొందునని చెప్పుచున్నాడు. నడుమ మాటలాడువారు మనుష్యులు. వారు తమ పొరపాటును ఒప్పుకొనుచున్నారు. శ్రమ నడుమ నున్నది, మహిమ దానికి ఇరుప్రక్కల నున్నది. 53వ అధ్యాయము మొదటి వచనమునుండి మాత్రమే చదువువారికి ఈ క్రమము కనబడదు.

ఇది క్రైస్తవులు తరువాత వ్రాసికొన్న మాట యని యెవరైనను అనగలరా? 1947వ సంవత్సరమున మృతసముద్రము నొద్ద కుమ్రాను గుహలో యెషయా గ్రంథపు చుట్ట యొకటి దొరికెను. అది క్రీస్తు పుట్టుటకు సుమారు నూరేండ్ల ముందు వ్రాయబడినదని పండితుల నిర్ణయము. ఈ అధ్యాయము అందులోను ఉన్నది. చెప్పుకొనదగిన భేదమొకటి 11వ వచనములో గలదు: శ్రమ తరువాత సేవకుడు వెలుగు చూచునని ఆ చుట్టయు, ప్రాచీన గ్రీకు తర్జుమాయు చెప్పుచున్నవి.

ఈ సేవకుడెవడు? ఇశ్రాయేలు జనాంగమే యని 11వ శతాబ్దపు యూదా పండితుడైన రాషీ వ్యాఖ్యానించెను. ఈ అభిప్రాయమును మనము ఎగతాళి చేయరాదు. ఇదే గ్రంథము 41:8లోను 49:3లోను ఇశ్రాయేలును సేవకుడని పిలుచుచున్నది. పైగా ఆ జనులు క్రైస్తవులమని చెప్పుకొన్నవారి చేతులలోనే ఎంతో బాధపడిరి. అయినను 49:5, 6లో సేవకుడు ఇశ్రాయేలును మరల రప్పించుటకే పంపబడుచున్నాడు. 53:8లో దేవుని జనుల దోషము నిమిత్తము కొట్టబడుచున్నాడు. కావున ఆయన జనులకు బదులుగా నిలుచు ఒకడు. మన ప్రభువు తానే ఈ ప్రవచనము తనయందు నెరవేరవలెనని లూకా 22:37లో సెలవిచ్చెను. గాజా మార్గమున రథమెక్కి పోవుచున్న ఐతియొపీయుడు ఈ ప్రశ్ననే అడుగగా, ఫిలిప్పు ఈ లేఖనమునుండియే యేసును బోధించెను.

ఇప్పుడు మన సంగతికి వత్తము. ఈ ప్రవచనమును మనము వాడు తీరులో మూడు తప్పులు కనబడుచున్నవి.

మొదటిది. దేవుడే అతని శిక్షించెనని జనులు సేవకుని గూర్చి అనుకొనిరి. ఆ మాటను జెరోము లాటినులో కుష్ఠరోగివంటివాడని తర్జుమా చేసెను. మన గ్రామములలో ఒక యింట బిడ్డ చనిపోయినను, పంట పోయినను, జబ్బు విడువక పట్టినను, "ఏమి పాపము చేసిరో" అను మాట వినబడును. యోబు స్నేహితులు పలికినది ఇదే. ఆ తలంపు తప్పని ఒప్పుకొన్నవారి నోట ప్రవక్త దానిని ఉంచెను. వారు పశ్చాత్తాపపడి విడిచిన మాటను మనము మరల ఎత్తుకొందుమా?

రెండవది. 5వ వచనమును పట్టుకొని, విశ్వాసికి జబ్బు నిలువరాదు, నిలిచినయెడల విశ్వాసము లేదని కొందరు బోధింతురు. మత్తయి 8:17 రోగుల స్వస్థతను ఈ ప్రవచనముతో కలిపి చెప్పుచున్నది. గనుక రోగుల కొరకు ప్రార్థింపవలసినదే. అయినను పేతురు ఆ స్వస్థతను పాపమునకు చనిపోయి నీతికి జీవించుటగా వివరించెను. తిమోతి తరచు జబ్బుపడుచుండెను. త్రోఫిము మిలేతులో రోగియై విడువబడెను. వారిని పౌలు అవిశ్వాసులని నిందింపలేదు. మంచముపై నున్నవానికి రోగము చాలును. దానిపైని మన నిందకూడ ఎందుకు?

మూడవది. సేవకుడు నోరు తెరువలేదని చెప్పి, అన్యాయము పొందిన కూలివానిని, కొట్టబడిన భార్యను నోరు మూసికొమ్మనుట. ఆయనకు జరిగిన తీర్పు అన్యాయపు తీర్పేయని 8వ వచనము సూచించుచున్నది. పేతురు ఈ మాదిరిని దాసులకు చూపినప్పుడు, దూషణకు ప్రతిదూషణ చేయవద్దనెను. కొట్టిన యజమానుని మెచ్చుకొనలేదు. పౌలు కైసరు ఎదుట చెప్పుకొందుననెను. మూగవారి పక్షముగా నోరు తెరువుమని సామెతలు 31:8 ఆజ్ఞాపించుచున్నది. సేవకుడు పగ తీర్చుకొనక ఊరకుండెను. పొరుగువాని బాధను చూచి మనము ఊరకుండుట అట్టిది కాదు.

కాబట్టి, సహోదరులారా, సహోదరీలారా, రాబోవు శ్రమల కాలములో ఈ 15 వచనములను మొదటినుండి కడవరకు ఇంటిల్లిపాది కలిసి చదువుడి. చదివిన పిమ్మట, మీ పేటలో ఎవరి గుమ్మము జనులు త్రొక్కుట మానిరో ఆ యింటికి వెళ్లుడి. కారణమడుగక కొంతసేపు వారియొద్ద కూర్చుండుడి. ఒకప్పుడు ఆయనను చూడనొల్లక ముఖము త్రిప్పుకొనినవారమైన మనకు ఇది తగిన పని.