కూతా, కూడూ

సంక్రాంతి నాటికి కృష్ణా డెల్టాలో పొలాలన్నీ ఖాళీగా ఉంటాయని పట్నవాసులు అనుకుంటారు. ఉండవు. వరి కోతకు ముందే, చేలో పదును ఆరకుండా మినుము చల్లేస్తారు. కుప్పలు పడేసరికి మోళ్ల మధ్య మినప మొక్క పచ్చగా లేచి ఉంటుంది. అందుకని గుడివాడ పక్క పల్లెల్లోనైనా, బందరు చుట్టుపక్కలైనా, దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక వైపైనా కబడ్డీ కోర్టు పొలంలో పడదు. హైస్కూలు ఆవరణలోనో, చెరువు పక్కనో, గుడి ముందు ఖాళీ జాగాలోనో పడుతుంది. అక్కడా నేల రేగడే. తడిస్తే జారుతుంది, ఎండితే గట్టిపడి మోచేతులు చీరేస్తుంది, ఎండలు ముదిరితే నెర్రెలిస్తుంది. మంగినపూడి బీచికి వెళ్లినా కాలికింద తగిలేది బంకమన్నే. కాబట్టి టోర్నమెంటు పెట్టే కమిటీకి మైకు సెట్టు కంటే ముందు ట్రాక్టరు ఇసుక మీద ఖర్చు రాసి ఉంటుంది.

ఆ ఇసుకలో ఆడే ఆట కూడు పెడుతుందా అన్నది ప్రశ్న. ప్రొఫెషనల్ ఆటగాడు అనగానే ఇప్పటి కుర్రాళ్లకి అమెరికా బాస్కెట్‌బాల్ కళ్లముందు కనపడుతుంది. ఆ దారి మన దేశంలో ఎంత సన్ననిదో చెప్పడానికి సత్నామ్ సింగ్ ఒక్కడు చాలు. పంజాబులోని బల్లో కే అనే పల్లెటూరి నుంచి వెళ్లి 2015లో డల్లాస్ మావెరిక్స్ చేత 52వ ఎంపికగా డ్రాఫ్టయ్యాడు. ఎన్‌బీఏలో ఒక్క మ్యాచి కూడా ఆడకుండానే ఆ అధ్యాయం ముగిసింది, తరవాత కుస్తీ ప్రదర్శనల రంగంలోకి వెళ్లాడు. మన దగ్గర మంచి బాస్కెట్‌బాల్ ఆటగాడి గమ్యం ఇప్పటికీ రైల్వేనో, ఓఎన్‌జీసీనో, ఏదో ఒక బ్యాంకో. 2023 డిసెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీల్లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఉన్నాయి. బాస్కెట్‌బాల్ లేదు. దివిసీమ కుర్రాడు ఆటని బతుకుతెరువుగా చూడాలంటే ఎదురుగా ఉన్నది చెడుగుడే. 2014లో టీవీ దాన్ని కొత్తగా కనిపెట్టినట్టు చూపించింది గానీ, ఈ ఆటని నమ్ముకుని కుటుంబాలు పోషించినవాళ్లు అంతకు చాలా ముందునుంచీ ఉన్నారు. వాళ్లకి జీతం ఇచ్చింది ఆట కాదు, ఆట ఇప్పించిన ఉద్యోగం. ఈ తేడా దగ్గరే అసలు కథ ఉంది. దానికంటే ముందు ఆటలోని పనితనం చూడాలి.

మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిగీత దాటి 3.75 మీటర్లు వెళితే బాక్ లైను. దాన్ని దాటకుండా, ఎవరినీ తాకకుండా తిరిగొస్తే కూతకెళ్లినవాడు, అంటే రైడరు, ఔటు. ఇంకో మీటరు లోపల బోనస్ గీత. ఎదుటి జట్టులో ఆరుగురో ఏడుగురో నిలబడి ఉన్నప్పుడు ఒక కాలు ఆ గీత దాటించి, రెండోకాలు గాల్లో ఉంచగలిగితే ఎవరినీ తాకకపోయినా ఒక పాయింటు. వీటన్నిటికీ ఉన్న సమయం 30 సెకన్లు.

కూత గీత దాటకముందే ఎత్తుకోవాలి, అంపైరుకి వినపడాలి, మధ్యలో తెగకూడదు. వెనకటి చెడుగుడులో ఎవడికి ఎంత ఊపిరి ఉంటే వాడి కూత అంత. ఇప్పుడు గడియారం వచ్చాక ఊపిరి పొడుగు విలువ తగ్గిందని పాతవాళ్లు అంటారు. నాకలా అనిపించదు. పరిగెత్తే మనిషి 30 సెకన్లు కూత పెట్టడం ఒక ఎత్తు. ముగ్గురు మీదపడి నడుము బిగించినప్పుడు అదే కూతతో గీతవైపు పాకడం ఇంకో ఎత్తు. పట్టుబడ్డవాడి కూత తెగితే ఆట అక్కడితో సరి. పట్టినవాళ్లు నిజానికి ఎదురుచూసేది అదే. అందుకే తెలిసిన రైడరు లోపలికి వెళ్లేటప్పుడు గొంతు చించుకోడు. లోగొంతుతో, ఒకే స్థాయిలో అంటూ, చివరి గుక్కని పెనుగులాటకి దాచుకుంటాడు.

కాళ్ల సంగతి అంతకంటే సూక్ష్మం. రైడరు బరువు ఎప్పుడూ వెనక్కాలి మీద ఉండాలి. ముందుకాలు వెతుకుతుంది, వెనక్కాలు ఇంటికి తీసుకొస్తుంది. టో టచ్‌లో కాలు చాచడం అందరికీ వస్తుంది. చాచిన కాలు ఎంత త్వరగా వెనక్కి వచ్చిందన్నదే లెక్క. బోనస్‌కి పేరు మోసిన అనూప్ కుమార్ ఆటలో తొందర కనపడేది కాదు. రక్షకుణ్ణి ఒక పక్కకి నడిపించి, వాడి బరువు మారిన క్షణంలో రెండోపక్క గీత దాటేవాడు. పర్దీప్ నర్వాల్ డుబ్కీ దీనికి పూర్తిగా తిరగేసిన విద్య. ముగ్గురు నలుగురు చుట్టుముట్టి చేతులు మూసేదాకా ఆగి, ఆ చేతుల కిందనుంచి తల దూర్చి గీతమీద పడేవాడు. చూడటానికి సాహసంలా ఉంటుంది. లోపల ఉన్నది నడుమూ మోకాళ్లూ ఒకేసారి మడిచే సాధన.

పట్టేవాళ్ల విద్యకి ఇంత పేరు లేదు. ఏడుగురిలో రెండు చివరలా కార్నర్లు, వాళ్ల పక్కన ఇన్‌లు, తరవాత కవర్లు, మధ్యలో ఒకడు. కార్నర్‌లో నిలబడేవాడి ఆయుధం చీలమండ పట్టు. వంగి, చేతులు కిందికి వదిలి, రైడరు మొహం చూడకుండా మోకాలిని చూస్తుంటాడు, ఎందుకంటే మొహం అబద్ధమాడగలదు. కాలు చాచగానే రెండు చేతులతో చీలమండ అందుకోవాలి. ఇక్కడే కొత్తవాళ్లు పొరపడతారు. పట్టి ఊరుకుంటే రైడరు రెండోకాలితో నేలని తన్ని గెంతుతాడు, పట్టినవాణ్ణి కూడా గీతదాకా ఈడ్చుకుపోతాడు. పట్టిన కాలిని పైకెత్తి తనవైపు లాక్కోవాలి. ఆ లాగే లోపల కవరు వచ్చి రైడరు ఛాతీకో నడుముకో అడ్డం పడాలి. వాడు ఒక్క క్షణం ఆలస్యమైతే పట్టినవాడూ తాకినవాడూ ఇద్దరూ బయటికి.

తొడ పట్టులో చేతివేళ్లు తొడ వెనక పెనవేసుకోవాలి, తల బయటివైపు ఉండాలి, లేదంటే మోకాలు వచ్చి మొహానికి తగులుతుంది. గొలుసు పట్టయితే ఇద్దరు చేతులు కలుపుకుని రైడరుకి దారి మూస్తారు. ఆ ఇద్దరూ ఒకే ఊళ్లో, ఒకే బడి ఆవరణలో ఏళ్లతరబడి కలిసి ఆడినవాళ్లయితే పక్కవాడు ఎప్పుడు కదులుతాడో చెప్పక్కర్లేదు. పల్లె జట్లు పెద్ద జట్లను అప్పుడప్పుడు మట్టి కరిపించేది దీనితోనే. ఇసుక పోసిన రేగడి మీద గట్టిగా ఢీకొట్టి తోసేయడం, అంటే డ్యాష్, కుదరదు, కాలు జారుతుంది. పట్టుకుని ఆపడమే నమ్మకం. అందుకే మన డెల్టా కుర్రాళ్లకి డ్యాష్ కంటే పట్టు ముందు వస్తుందని నా గట్టి అభిప్రాయం. మ్యాటు మీదికి వెళ్లాక బూట్లకి నేల పట్టు దొరుకుతుంది, వేగం పెరుగుతుంది, అప్పుడు డ్యాష్ నేర్చుకుంటారు. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్ని పడగొడితే అదనంగా ఇంకో పాయింటు వచ్చే సూపర్ ట్యాకిల్ నిబంధన ఈ ఓపిక ఉన్నవాళ్లకి వరం.

2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. ఆ ఏడాది వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.80 లక్షలు. 2018లో మోను గోయత్ కోటిన్నర దాటాడు. 2023లో పవన్ సెహ్రావత్‌ని మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60.5 లక్షలకు కొనుక్కుంది. మామూలుగా వేలంలో ఎక్కువ డబ్బు రైడరుదే. లీగు కొలబద్దల్లోనే ఆ సంగతి ఉంది: రైడరు మంచి రోజుని పది పాయింట్లతో కొలిచి సూపర్ టెన్ అంటారు, రక్షకుడి మంచి రోజుకి ఐదు చాలు, హై ఫైవ్ అంటారు. అదే 2023లో ఇరాన్ నుంచి వచ్చిన మొహమ్మద్‌రెజా షాద్లూయీ ప్రధానంగా పట్టుతోనే 2.35 కోట్లు పలికి ఈ లెక్కని కొంచెం కదిలించాడు.

కోట్లు పలికేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇటీవలి వేలాల్లో కింది వర్గం ఆటగాడి మొదటి ధర 9 లక్షలు, అదీ ఒక సీజనుకి. మరుసటి సీజను ఉంటాడో లేడో హామీ లేదు. పర్దీప్ నర్వాల్‌నే చూడండి. 2021లో యూపీ యోధా 1.65 కోట్లు పెట్టింది. లీగు చరిత్రలోనే అత్యధిక రైడ్ పాయింట్లు అతనివి. 2025 వేలంలో అతన్ని ఎవరూ కొనలేదు, రిటైరయ్యాడు. రైడరు మోకాలి మీదే అతని ధర నిలబడుతుంది. మోకాలిలో లిగమెంటు తెగితే ఆపరేషను, నెలల తరబడి వ్యాయామం, ఆ పైన భయం. కాలు బాగుపడ్డా చాచేటప్పుడు మనసు వెనక్కి లాగుతుంది.

ఆ భయం తెలిసినవాళ్లు కాబట్టే పెద్ద ఆటగాళ్లు కూడా ఉద్యోగం వదల్లేదు. అనూప్ కుమార్ హర్యానా పోలీసులో, అజయ్ ఠాకూర్ హిమాచల్ పోలీసులో డీఎస్పీగా, పవన్ రైల్వేలో. లీగు కొన్ని నెలల పంట, ఉద్యోగం ఏడాది పొడుగునా గింజ. ఈ మాట బందరు కుర్రాడికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే తెలుగు టైటాన్స్ పేరులో తెలుగు ఉన్నా దాని తారలు రాహుల్ చౌధరి ఉత్తరప్రదేశ్ నుంచి, సిద్ధార్థ్ దేశాయ్ కొల్హాపూర్ వైపు నుంచి, పవన్ ఢిల్లీ నుంచి వచ్చారు. కొల్హాపూరూ మనలాగే నీరున్న వ్యవసాయ సీమే. అక్కడా కుర్రాళ్లు రైతు బిడ్డలే. తేడా ఎక్కడ వచ్చిందంటే, పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో.

ఆ మూడేళ్లే కబడ్డీ ఆటగాడు తయారయ్యే కాలం. స్కూల్ గేమ్స్, సబ్ జూనియర్, జూనియర్ ఎంపికలు ఎక్కువగా అప్పుడే. మన దగ్గర సరిగ్గా అప్పుడే పిల్లాణ్ణి ఇంటర్ కోసం విజయవాడ హాస్టలుకి పంపిస్తారు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో మైదానం లేని నాలుగంతస్తుల మేడ. "ఆటలు కూడు పెడతాయా?" అని తండ్రి అడిగితే తప్పు పట్టలేం, ఆయన ఎకరం లెక్క ఆయనకుంది. కానీ రెండేళ్ల తరవాత ఆ కుర్రాడు బయటికొచ్చేసరికి ఊపిరి పోయి ఉంటుంది, బరువు పెరిగి ఉంటుంది. సీనియర్ మగవాళ్ల పోటీలకి 85 కిలోలు దాటకూడదు, కింది వర్గాలకి అంతకంటే తక్కువ. పండక్కి అరిసెలూ బందరు లడ్డూ తిని పదిహేను రోజుల్లో తూకానికి నిలబడాల్సినవాడి తిప్పలు అనుభవించినవాడికే తెలుసు.

ఆ తండ్రి ప్రశ్నకి సమాధానం మాత్రం కాగితం మీద ఉంది. ఆటగాళ్లు ‘ఫారం టూ ఉందా?’ అని ఒకరినొకరు అడుగుతుంటారు. దేశం తరఫున ఆడితే ఫారం ఒకటి, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే రెండు, యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు వెళితే మూడు, బడుల జాతీయ పోటీలకైతే నాలుగు. క్రీడాకోటాలో ఈ కాగితమే ఆస్తి. 2024లో వచ్చిన కొత్త క్రీడా విధానంలో రాష్ట్ర ఉద్యోగాల్లో క్రీడాకోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. ఆ తరవాతి డీఎస్సీలో ఉపాధ్యాయ పోస్టులకి కూడా దాన్ని వర్తింపజేశారు. ఒక శాతం పెంపు అంటే చిన్నగానే కనపడుతుంది. వేలాది పోస్టులున్న నోటిఫికేషనులో అది లీగు మొత్తం కలిపి కొనుక్కునే తెలుగు కుర్రాళ్లకంటే చాలా ఎక్కువమందికి అన్నం పెడుతుంది.

ఆడపిల్లల విషయంలో ఉద్యోగమే పూర్తి దారి. 2016లో మూడు జట్లతో ఒక మహిళల లీగు పెట్టి చూశారు, నిలబడలేదు. ఆసియా క్రీడల్లో మన మహిళల జట్టు 2010, 2014ల్లోనూ, 2023లో హాంగ్‌ఝౌలోనూ బంగారం తెచ్చినా వాళ్లకి కోట్ల వేలం లేదు. పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు కోర్టులో ఆ అమ్మాయి పట్టే చీలమండ పట్టు మగపిల్లవాడి పట్టుకి ఎందులోనూ తక్కువ కాదు. కోటా కాగితం దగ్గర మాత్రం ఇద్దరూ సమానం. అందుకే ఆటలో పిల్లని కొనసాగించాలా వద్దా అని తటపటాయించే ఇంట్లో నేను చెప్పే మొదటి మాట లీగు గురించి ఉండదు, ఫారం గురించి ఉంటుంది.

ఈ లెక్కన పదో తరగతిలో మంచి పట్టున్న గుడివాడ కుర్రాడో, కోడూరు అమ్మాయో చేయాల్సింది ఏమిటంటే: ఇంటర్ ఆటస్థలం ఉన్న కాలేజీలో, ఇంటికి దగ్గర్లో చదవాలి. ఏటా ఒక్కసారైనా జిల్లా ఎంపికలకి నిలబడాలి. డిగ్రీకి కృష్ణా విశ్వవిద్యాలయం పరిధిలో కబడ్డీ జట్టు ఉన్న కాలేజీ చూసుకుని ఫారం మూడు సంపాదించాలి. ఊరి టోర్నమెంట్లలో బహుమతి డబ్బు కోసం రోజుకి నాలుగు మ్యాచీలు ఆడి మోకాలు పాడుచేసుకోకూడదు. ఆడే రోజులు అయిపోయాక బీపీఈడీ చేసి వ్యాయామోపాధ్యాయులుగా వెళ్లినవాళ్లున్నారు, ఎన్‌ఐఎస్ కోచింగ్ డిప్లొమా చేసి జట్లను తయారుచేసేవాళ్లున్నారు, విజిలు పట్టి అంపైర్లయినవాళ్లున్నారు. బడికి అలాంటి పీఈటీ ఒకరు వస్తే ఆయన ముందుగా అడగాల్సింది మ్యాటు. ఇసుకలో పదేళ్లు నేర్చిన పట్టుని ఎంపికల రోజున మొదటిసారి మ్యాటు మీద, కొత్త బూట్లతో పరీక్షించుకునే పిల్లలు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు.