ఎవరికి 'సైడ్' ఎఫెక్ట్?

పిహెచ్.డి. చేసే రోజుల్లో ఆడ్రి లార్డ్ 'ది క్యాన్సర్ జర్నల్స్' (1980) చదివి పేజీలకొద్దీ నోట్సు రాసుకున్నాను. శరీరం, మౌనం, రాజకీయం అంటూ సెమినార్లలో మాట్లాడాను. పోయినేడాది నాకే రొమ్ము క్యాన్సర్ వచ్చి, కీమోథెరపీ మొదలయ్యాక ఆ పుస్తకం మళ్ళీ తీశాను. అప్పుడు గీతలు గీయకుండా వదిలేసిన పేజీలే ఇప్పుడు నాకు కావలసి వచ్చాయి.

మొదటి రోజు ఎక్కించింది అడ్రియామైసిన్ అనే ఎర్రటి మందు. మూడో రోజుకి పోపు వాసనకి కడుపులో తిప్పడం, వారానికి నోరు పూయడం, మూడో వారానికి దువ్వెన నిండా జుట్టు. వేగంగా విభజన చెందే కణాలన్నిటినీ ఈ మందు దెబ్బతీస్తుంది. క్యాన్సర్ కణాలే కాదు, జుట్టు కుదుళ్ళు, నోటి లోపలి పొర, ఎముక మజ్జ కూడా ఆ కోవలోవే. మందు చేసే పని ఒక్కటే. అందులో డాక్టరు ఆశించినదాన్ని ఎఫెక్టు అంటున్నాం, మేము అనుభవించేదాన్ని సైడ్ ఎఫెక్టు అంటున్నాం. ఏది అసలు, ఏది పక్కది అని నిర్ణయించింది ఎవరు?

సుసాన్ సొంటాగ్ 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' (1978)లో క్యాన్సర్ చుట్టూ అల్లిన రూపకాలను, ముఖ్యంగా యుద్ధ పరిభాషను ఎండగట్టింది. అప్పటికి తానూ రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స పొందిందన్న మాట మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. మరో సొంత కథ కంటే ఆలోచనే ఎక్కువ ఉపయోగమని ఆమె నమ్మింది. నాలాంటి అకడమిక్కులకి ఆ పద్ధతి సుఖంగా ఉంటుంది. కానీ మన ఇళ్ళల్లో జబ్బుపడ్డ ఆడదాని చేతికి యుద్ధం ఇవ్వరు, ఓర్పు ఇస్తారు. 'భూదేవంత ఓర్పమ్మా నీకు' అని మా ఇంటికి వచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. సొంటాగ్ జాబితాలో లేని ఈ రూపకమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

రెండో సైకిల్ ముందు డాక్టరు 'ఇబ్బందులేమైనా ఉన్నాయా?' అని అడిగితే 'పర్వాలేదు సార్' అన్నాను. వికారం తగ్గించే మాత్రలు తెచ్చిన మలబద్ధకం గురించి మగ డాక్టరుకి ఎలా చెప్పను? ఆ తర్వాత పదో రోజు రాత్రి 101 డిగ్రీల జ్వరం వచ్చింది. తెల్లకణాలు పడిపోయే రోజులవి, 100.4 దాటితే వెంటనే రావాలని ఆస్పత్రి కాగితంలో రాసి ఉంది. అది చదివిన డాక్టరేటు మనిషినే, అందరి నిద్రా ఎందుకు చెడగొట్టాలని మాత్ర వేసుకుని తెల్లారేదాకా పడుకున్నాను. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ రాత్రి నేను చేసినదాన్నే మన భాషలో తట్టుకోవడం అంటారు.

కట్టుడు రొమ్ము పెట్టుకోకపోతే క్లినిక్‌లో మిగతావాళ్ళ ధైర్యం దెబ్బతింటుందని నర్సు చెప్పినా లార్డ్ ఒప్పుకోలేదు. దాచుకుంటే మనలాంటి ఆడవాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టలేరని ఆమె వాదన. నేను అంత ధైర్యం చేయలేదు. గుండు చూసి అమ్మ 'తిరుపతి వెళ్ళొచ్చామని చెబుదాం' అంది. విధవరాలికి గుండు గీయించిన చరిత్ర ఉన్న సమాజంలో తలనీలాలే మర్యాదైన జవాబు. పక్కింటావిడ 'ఏం మొక్కుకున్నావమ్మా?' అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. నా అబద్ధం తర్వాత ఆవిడ నన్ను ఇంకేం అడగగలదు? లార్డ్ వాదన ఆ గడప దగ్గర అర్థమైంది.

ఆన్ బోయర్ 'ది అన్‌డయింగ్' (2019) ఇంకో అడుగు వేసింది. 41 ఏళ్ళకి జబ్బు బయటపడిన ఈ ఒంటరి తల్లి, సెలవు లేక ఆపరేషనైన కొద్ది రోజులకే పాఠం చెప్పడానికి వెళ్ళింది. నీరసాన్ని ఆమె శ్రమ సమస్యగా చూసింది. అది చదువుతుంటే డేకేర్ వార్డులో పక్క కుర్చీలో కూర్చున్నామె గుర్తొచ్చింది. 'వేవిళ్ళలాగే ఉందమ్మా, వంట మాత్రం తప్పదు' అందామె. సైడ్ ఎఫెక్టుకి వంటింట్లో సెలవు లేదని ఒక్క వాక్యంలో చెప్పేసింది.

మన కథల్లో, సినిమాల్లో క్యాన్సర్ ఎక్కువగా ముగింపుగానే వస్తుంది. 'ప్రేమాభిషేకం' (1981)లో అది నాయకుడి త్యాగానికి కారణం. నెలల తరబడి సాగే మధ్యభాగం, అంటే డోకు, తిమ్మిరి, నోటి పూత, ఆ మధ్యే ఇంటిచాకిరీ, సాహిత్యానికి తగదన్నట్టు మిగిలిపోయింది. మాటలు లేకనా? వికారం, వెగటు, ఓకరింత, నిస్సత్తువ, నలత అని ఎన్ని ఉన్నాయో! ఆ మాటలు పలికితే గొణుగుడంటారు. చికిత్సలో మాత్రం ఆ గొణుగుడే సమాచారం.

మూడో సైకిల్‌కి రోజువారీ బాధలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళాను, మలబద్ధకంతో సహా. డాక్టరు చదివి మాత్రలు మార్చారు. 'ముందే ఎందుకు చెప్పలేదు?' అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే మన సాహిత్యమంతా తిరగేయాలి.