‘ఏం పిల్లడో’: పిలిచేది ఎవరు, పోయేది ఎక్కడికి?

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అన్న మాట ఎక్కడ విన్నారని మా మండవల్లి, కైకలూరు వైపు పిల్లల్ని అడిగితే ఎక్కువమంది సినిమా పేరే చెబుతారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోయే డీజే బండి మీద విన్నామని కొందరంటారు. అందులో పిల్లల్ని అనవలసింది ఏమీ లేదు. పాట వాళ్ళ దాకా ఆ దారినే వచ్చింది. కానీ అది బయలుదేరింది ఆదివాసుల కొండల్లో. అందుకే అది ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి మారిందో, మారినప్పుడల్లా ఏం పోయిందో మనం చెప్పుకోవాలి.

1967 అక్టోబరు 31న, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని లేవిడి దగ్గర, సభకు వెళుతున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. పోడు భూమి, అప్పు, వెట్టి చుట్టూ అప్పటికే రగులుతున్న శ్రీకాకుళ గిరిజన పోరాటం ఆ తర్వాత మరింత పెద్దదైంది. దాని ముందు వరసలో ఉన్న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే. 1970లో ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. జముకుల కథతో జనాన్ని కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి అంతకు ముందే, 1969 డిసెంబరులో చనిపోయాడు.

ఆ నేల మీది నుంచే వంగపండు ప్రసాదరావు వచ్చారు. 1943లో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో ముఖ్యులు. గజ్జె కట్టి ఆడుతూ పాడిన మనిషి. శ్రీకాకుళం కొండలకు పోదాం రమ్మని పిలిచే ఈ పాట ఆయనది.

ఈ పాట బలం ఎక్కడుందని మేము మాలో మేము తర్కించుకున్నాం. మాకు తోచింది ఇది: పోరాటానికి రమ్మనే పాట అయినా ఇది ఉపన్యాసం చెప్పదు. సంతకు పోతూ పక్కింటి వాళ్ళను కేకేసినట్టు పిలుస్తుంది. పిలిచేవాడు ఎత్తు మీద నిలబడి లేడు, పక్కనే నడుస్తున్నాడు. ఇక భాష. మన వాచకంలో అయితే ‘వెళ్దాం, వస్తావా’ అని ఉంటుంది. ఎర్ర సిరా కలం పట్టుకొని ఈ పాటను అలా దిద్దితే, మాటకు అర్థం మిగులుతుంది గానీ అడుగు తప్పిపోతుంది. ఉత్తరాంధ్ర యాసే ఈ పాటకు తాళం.

1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’తో ఈ పాట తెర మీదికి వచ్చింది. అడవి దారుల్లో, సభల్లో వినిపించిన పాట టూరింగ్ టాకీసుల దాకా వెళ్ళింది. గొంతూ వాయిద్యమూ మారినా సందర్భం పోరాటమే కాబట్టి పిలుపు చెడలేదు.

2009లో ‘మగధీర’ వచ్చింది. అందులోని ‘జోర్ సే’ పాటలో ఈ పిలుపు మాటలు వినిపిస్తాయి. అక్కడ అది ప్రేమికుల సరసం. శ్రీకాకుళం లేదు, కొండ లేదు. వంగపండు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. అదే సినిమాలో ఇంకో పాత పాట కూడా ఉంది, 1992 నాటి ‘ఘరానా మొగుడు’లోని ‘బంగారు కోడిపెట్ట’. దాన్ని మళ్ళీ పాడించినప్పుడు అది ఏ సినిమాదో, ఏ హీరోదో ప్రేక్షకులందరికీ తెలుసు. తెలియడమే ఆ పాటకు ఆకర్షణ. ఒకే సినిమాలో రెండు పాత పాటలు. ఒకదాని పుట్టుక తెలిస్తేనే సంబరం, రెండోదాని పుట్టుక తెలియకపోయినా ఎవరికీ లోటు లేదు. మాకు బాధ కలిగించేది ఈ తేడా.

పాట చేతులు మారడమే తప్పని మేము అనడం లేదు. అమెరికాలో నల్లజాతి గాయకుడు ఓటిస్ రెడింగ్ 1965లో ‘రెస్పెక్ట్’ అనే పాట రాసి పాడాడు. అందులో ఇంటికొచ్చిన మగవాడు భార్య నుంచి మర్యాద కోరతాడు. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి స్త్రీ అదే పాటను మార్చి పాడింది. మర్యాద అడిగేది ఆడది అయ్యేసరికి పాట తలకిందులైంది. హక్కులకోసం నిలబడినవాళ్ళు, స్త్రీలు దాన్ని తమదిగా చేసుకున్నారు. అక్కడ రెండో గొంతు పాటకు కొత్త బరువు పెట్టింది. మన పాట విషయంలో రెండు దశాబ్దాల తర్వాత వచ్చిన గొంతు ఉన్న బరువును దించేసింది. మళ్ళీ పాడిన ఏ పాటనైనా ఈ తూకంలోనే చూడాలని మా అభిప్రాయం.

ఇంకో మాట కూడా మనలో మనం అనుకోవాలి. ఆ పోరాటంలో నడిచినవాళ్ళు సవరలు, జాతాపులు. వంగపండు పాట మనల్ని ప్రేమగా పిలిచింది, కానీ తెలుగులో పిలిచింది. సవర భాషలో తల్లులు, ముసలివాళ్ళు ఆ రోజుల గురించి ఏం పాడుకున్నారో మన పిల్లల పుస్తకాల్లో లేదు. సినిమా మన పాటను తీసుకుందని కోపం రావడం న్యాయమే. మన నోటి పాటను మనమే రాసి పెట్టుకోకపోతే, తీసుకున్నారని చెప్పడానికి రుజువు కూడా ఉండదు.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఆయన్ను చూసి, విని ఉన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. సవర, కోయ, కొండరెడ్డి, యానాది, ఎరుకల ఇళ్ళల్లో పాడే పెద్దలూ ఉన్నారు. ఉపాధ్యాయ మిత్రులకు మా సూచన ఒక్కటే. ఈ సంవత్సరం తరగతిలో ప్రతి పిల్లవాడి చేత, పిల్ల చేత ఇంట్లో పాడే ఒక పాట రాయించండి. మన భాషలోనే, తెలుగు లిపిలో అయినా సరే. పాట కింద మూడు సంగతులు ఉండాలి: ఎవరు పాడారు, ఏ ఊళ్ళో, ఏ పని చేస్తూ. యాసను దిద్దకండి.