అక్షరక్రమంలో దుఃఖం: ‘విలాపవాక్యముల’ నిర్మాణం - ఓరుగల్లు ప్రాంత పాటసంప్రదాయం

వ్యాససంగ్రహం:
బైబిల్లోని ‘విలాపవాక్యములు’ గ్రంథాన్ని దుఃఖోపశమనానికి ఆధారంగా చదవడం పరిపాటి. ఆ ఉపశమనం అందులోని ఆశావచనాలలోనే కాక, వర్ణమాల క్రమాన్ని అనుసరించిన నిర్మాణంలోనూ ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గద్యానువాదంలో మరుగుపడిన ఆ నిర్మాణానికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల సంప్రదాయాలలో ఉన్న దగ్గరి రూపాలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విలాపవాక్యములు, అక్షరక్రమ రచన, పల్లవి, శోకాలు, డోర్నకల్, పాల్కురికి సోమనాథుడు.

1. ఉపోద్ఘాతం:
మరణం సంభవించిన ఇంట ఆదరణకూటం జరిపి, వాక్యం చదివి ఊరడించడం తెలుగు క్రైస్తవ సమాజాలలో వాడుక. సండే స్కూళ్ళలో పిల్లలచేత కంఠతవాక్యాలు చెప్పించడం మరొక వాడుక. మొదటిది పెద్దల దుఃఖానికి, రెండవది పిల్లల ఆటపాటలకు చెందినవని విడదీసి చూడటం జరుగుతున్నది. గ్రంథనిర్మాణాన్ని గమనిస్తే ఈ విభజన నిలవదు.

2. వర్ణమాల - విలాపం:
క్రీ.పూ. ఆరవ శతాబ్దిలో బబులోను సేనల చేతిలో నాశనమైన యెరూషలేమును గురించిన ఐదు శోకగీతాల సంపుటి ‘విలాపవాక్యములు’. హెబ్రీ వర్ణమాలలో 22 అక్షరాలున్నాయి. 1, 2, 4 అధ్యాయాలలో 22 చొప్పున వచనాలున్నాయి. ఒక్కొక్క వచనం వరుసగా ఒక్కొక్క అక్షరంతో ఆరంభమవుతుంది. 3వ అధ్యాయంలో ప్రతి అక్షరానికి మూడు వచనాల చొప్పున మొత్తం 66 ఉన్నాయి. 5వ అధ్యాయంలో 22 వచనాలున్నా అక్షరక్రమం లేదు.

2, 3, 4 అధ్యాయాలలో ‘పే’ అక్షరం ‘అయిన్’ కంటే ముందు వస్తుంది. ఇజ్రాయెల్‌లోని ఇజ్బెత్ సర్తాలో 1976లో దొరికిన ప్రాచీన కుండపెంకు మీది వర్ణమాలలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. ఆ రాతను అక్షరాలు దిద్దుకుంటున్న సాధకునిదిగా పలువురు పండితులు భావించారు. అంటే ఓనమాల స్థాయి అభ్యాసంలోనూ, ఒక జాతి మహాశోకంలోనూ ఒకే అక్షరక్రమం కనిపిస్తున్నది.

దుఃఖానికి అవధి లేదు, వర్ణమాలకు ఆద్యంతాలున్నాయి. ఏం మాట్లాడాలో తోచని శోకార్తునికి తరువాతి అక్షరం తరువాతి మాటను అందిస్తుంది. చివరి అక్షరం దగ్గర ఆగే వీలునూ కల్పిస్తుంది. 5వ అధ్యాయంలో ఆ క్రమం సడలడం, శోకం చట్రాన్ని దాటిపోవడానికి సూచనగా గ్రహించవచ్చు.

3. అనువాదంలో మిగిలినది, పోయినది:
తెలుగు బైబిల్లో 119వ కీర్తనకు ఆలెఫ్, బేత్ అనే అక్షరనామాలు శీర్షికలుగా నిలిచాయి. 176 వచనాల ఆ కీర్తన అక్షరక్రమంలో ఉన్నదని పాఠకునికి వాటివల్ల తెలుస్తుంది. ‘విలాపవాక్యముల’కు ఆ శీర్షికలు లేవు. అందువల్ల ధర్మశాస్త్రస్తుతిలోని అక్షరక్రీడ కనబడుతున్నది; దుఃఖంలోని అక్షరక్రమం కనబడటం లేదు. ఆంగ్లంలో రోనాల్డ్ నాక్స్ తన అనువాదంలో అక్షరక్రమాన్ని నిలిపే ప్రయత్నం చేశాడు. తెలుగులో ఇది అసాధ్యమనడానికి వీలులేదు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందినవాడైన పాల్కురికి సోమనాథుడు ‘అక్షరాంకగద్య’లో వర్ణక్రమాన్నే రచనాసూత్రంగా గ్రహించాడు. శివభక్తికి పనికివచ్చిన ఆ చట్రం శోకానికీ పనికిరాగలదు.

4. పాట - ఆట - శోకం:
నేటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ 1912లో ఆంగ్లికన్ అధ్యక్షఖండానికి కేంద్రమైంది. దాని తొలి బిషప్ వి.ఎస్. అజరయ్య (1874-1945) తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1939లో ప్రతిష్ఠితమైన అక్కడి కేథడ్రల్‌లో గుమ్మటాలు, మండపస్తంభాలు కలిసి ఉన్నట్లే, బోధనలోనూ దేశీయరూపాలకు ఆయన చోటిచ్చాడు. చదువురాని గ్రామసంఘాలకు లేఖనం ప్రధానంగా కీర్తన, కథ, కోలాటం ద్వారా చేరింది. పురుషోత్తమ చౌధరి (1803-1890) వంటివారి కీర్తనలలోని పల్లవి ఇందుకు అనువైన సాధనం. ప్రతి చరణం తరువాత తెలిసిన మాటకే తిరిగి రావడంవల్ల పిల్లలు ఆటగా నేర్చుకోగలరు. దుఃఖితులు గొంతు కలపగలరు.

యూదుల పఠనసంప్రదాయంలోనూ ఇటువంటిదే ఉన్నది. ‘విలాపవాక్యములు’ 5:22 సందేహంతో ముగుస్తుంది కనుక, దానిని చదివాక 21వ వచనాన్ని తిరిగి చదువుతారు. గ్రంథం అంతం కాని చోట సమాజం పల్లవిని చేర్చినట్లయింది.

జనగామ నుండి భూపాలపల్లి దాకా పల్లెలలో స్త్రీలు శోకాలు పెట్టి ఏడ్చే తీరు దీనికి సమాంతరం. పోయినవారిని ‘బిడ్డా’, ‘కొడుకా’, ‘అయ్యా’ అని వరుసపెట్టి పిలుస్తూ, ఆ పిలుపు దగ్గరికే మళ్ళీ మళ్ళీ వస్తారు. ఇక్కడ క్రమాన్నిచ్చేది వర్ణమాల కాదు, బంధుత్వపు పిలుపు. రూపం వేరైనా ప్రయోజనం ఒకటే.

5. ముగింపు:
ఆదరణ సందర్భాలలో తరచుగా ఎంచుకునేవి 3:22-23 వచనాలు. అవి గ్రంథం నడుమ ఉన్నాయి, చివర లేవు. వాటికి ముందూ వెనుకా ఉన్న విలాపాన్ని విడిచి వాటినే అందిస్తే, ఊరడింపు ఏడ్పును త్వరగా ఆపే ఆజ్ఞ అవుతుంది. కంఠతవాక్యాల విషయంలో ఎన్ని అప్పజెప్పారన్నదే కొలమానమైతే ఆటలోని ఆనందం పోయి లెక్క మిగులుతుంది. సామెతలు 30వ అధ్యాయంలోని సంఖ్యావాక్యాలు, న్యాయాధిపతులు 14లో సంసోను వేసిన విప్పుడు కథ కేవలం అప్పజెప్పడానికి కాక, ఊహించి విప్పడానికి ఉద్దేశించినవి.

బాల్యంలో ఆటగా అబ్బిన క్రమమే ఆపదలో మాటకు ఆసరా అవుతుంది. కాబట్టి ‘విలాపవాక్యముల’ను 22 తెలుగు అక్షరాల క్రమంలో పాటకు అనువుగా అనువదించడం, ఈ మూడు జిల్లాల శోకాలను, క్రైస్తవ కీర్తనలను పక్కపక్కన ఉంచి సేకరించడం పరిశోధకులు చేపట్టవలసిన పనులు. శోకాలు పెట్టగల తరం ఉన్నప్పుడే రెండవది సాధ్యం.