లేపాక్షి: మరకల నుంచి వెనక్కి తిరిగి చూస్తే

లేపాక్షి గుడికి వెళ్లినవాళ్లను గైడు ఎలాగైనా ఒక గోడ దగ్గరికి తీసుకెళ్తాడు. కల్యాణ మండపం దగ్గర, నల్లబారిన రాతి మీద రెండు ఎర్రటి మరకలు. “ఇవి విరూపణ్ణ కళ్లు సార్” అంటాడు గొంతు తగ్గించి. పిల్లలు అమ్మ కొంగు పట్టుకుంటారు, పెద్దవాళ్లు ఫోన్లు తీస్తారు.

కథ ఇది. విజయనగరాన్ని అచ్యుత దేవరాయలు ఏలిన రోజులవి (1529–1542). పెనుకొండ సీమలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, తన సోదరుడు వీరణ్ణతో కలిసి ఒక గుట్ట మీద వీరభద్రుడికి గుడి కట్టించాడు. తాబేటి డిప్పలా ఉండే ఆ గుట్టకు కూర్మశైలమని పేరు. ఖజానా సొమ్ము చెప్పకుండా రాళ్లకు పోస్తున్నాడని రాయలకు చాడీలు వెళ్లాయి. కళ్లు పెరికించమని ఆజ్ఞ అయింది. భటులు వచ్చేదాకా ఆగకుండా విరూపణ్ణ తన కళ్లు తానే పెరుక్కుని గోడకేసి కొట్టాడట. అందుకే లోపాక్షి, అదే లేపాక్షి అయిందంటారు. కూలిన జటాయువును చూసి రాముడు ‘లే పక్షీ’ అన్నాడని ఊరి పేరుకు ఇంకో కథ. విరూపణ్ణ పేరూ గుడికి దక్కిన దానాలూ శాసనాలకెక్కాయి. కళ్ల సంగతి మాత్రం నోటి మాటగానే నడిచి వచ్చింది.

ఈ కథ ఈ గోడకే ఎందుకు అతుక్కుందో తెలియాలంటే మరకల నుంచి వెనక్కి తిరగాలి. అక్కడ కప్పు లేని స్తంభాల గుంపు ఉంది. శివపార్వతుల పెళ్లి కోసం మొదలుపెట్టిన మండపం అది. దేవతలు వచ్చారు, ఋషులు వచ్చారు, ఒక్కో స్తంభానికి ఒక్కొక్కరుగా నిలబడ్డారు. పందిరి మాత్రం పడలేదు. పీటల మీద ఆగిపోయిన పెళ్లి అది. పని ఎందుకు ఆగిందని అడిగే ప్రతి తరానికీ ఏదో ఒక జవాబు కావాలి. రెండు ఎర్ర మరకలు ఆ జవాబును మోస్తున్నాయి.

పని తెలిసినవాళ్లకు ఈ సగం మండపం ఒక బడి. పూర్తయిన గుడిలో కప్పూ నీడా శిల్పి శ్రమను దాచేస్తాయి. ఇక్కడ ఎండ సూటిగా రాతి మీద పడుతుంది, ఉలి నడిచిన దారి కంటికి దొరుకుతుంది. ఇది నల్లసరపు రాయి కాదు, గరుకు గ్రానైట్. దీని పలుకులు పెద్దవి. దెబ్బ కాస్త ఎక్కువైతే ముక్కు కొస ఎగిరిపోతుంది, ఎగిరిన ముక్కను మళ్లీ అతికించే దారి లేదు. అలాంటి రాతిలో హారం పూసలు, గోచీ మడతలు, వేళ్ల కణుపులు తేలాయంటే ఆ చెయ్యి ఎంత ఓపికగా నడిచిందో ఊహించుకోవచ్చు. ఆ పక్కనే ఉన్న లతా మండపంలో స్తంభాల నిండా తీగలు, పువ్వులు, హంసలు, ముగ్గుల్లాంటి అల్లికలు. ఒక ముఖం మీది నమూనా పక్క ముఖం మీద ఉండదు. చీరల అంచులకు నేతగాళ్లు ఈ నమూనాలు ఎత్తుకున్నారంటే వింత లేదు.

పూర్తయిన పని చూడాలంటే లోపలి నాట్య మండపానికి వెళ్లాలి. సుమారు 70 స్తంభాల ఆ మండపం నడుమ ఒక కచేరీ నడుస్తోంది. రంభ ఆడుతోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు, తుంబురుడు వీణ పట్టాడు. నాట్యం నేర్పే భృంగికి మూడు కాళ్లు. పార్వతి శాపంతో నిలబడలేకపోతే శివుడిచ్చిన మూడో కాలు అది. వికారంగా కనిపించాల్సిన ఆ కాలును శిల్పి నాట్యంలోనే కలిపేశాడు. వాద్యగాళ్లందరినీ చుట్టూ స్తంభాలకు పంచి మధ్య నేలను ఖాళీగా వదిలేశాడు. మనం ఆ నేల మీద నిలబడగానే కచేరీ మన చుట్టూ చేరుతుంది.

ఇదే మండపంలో ఉంది వేలాడే స్తంభం. దాని అడుగుకూ నేలకూ మధ్య సందులోంచి జనం చున్నీ, తువ్వాలు దూర్చి ఇటు నుంచి అటు లాగుతారు, మంచి జరుగుతుందని. పైకప్పు బరువును చుట్టుపక్కల స్తంభాలు, దూలాలు పంచుకోబట్టి ఇది నేలకు పూర్తిగా ఆనకపోయినా కప్పు దిగలేదు. చున్నీ లాగిన తర్వాత ఒక్కసారి పైన దూలాల పొందిక కూడా చూడండి. అసలు మాయ అక్కడుంది.

తలెత్తారు కనుక ఇక దించకండి. కప్పు రాళ్ల మీద సున్నపు గచ్చు పూసి, నల్లటి గీతతో రూపు కట్టి, జేగురు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు నింపిన బొమ్మలు వరుసగా కనిపిస్తాయి. ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయంలోని పంది వేట, గిరిజా కల్యాణం. మగవాళ్ల నెత్తిన పొడవాటి కుళ్లాయిలు, ఆడవాళ్ల చీరల్లో అప్పటి నేతలన్నీ. 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున ఒక్క వీరభద్రుడే కప్పంతా పరుచుకున్నాడు. ఒక చోట మనునీతి చోళుడి కథ ఉంది. రథం కింద దూడ చచ్చిపోతే ఆవు వచ్చి న్యాయం అడిగింది, రాజు కన్నకొడుక్కే శిక్ష వేశాడు. రాజదండనకు గురయ్యాడని లోకం చెప్పుకునే మనిషి కట్టించిన గుడిలో, రాజు తీర్పును పొగిడే బొమ్మ!

బయట నాగలింగం, కాస్త దూరంలో 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున ఒకే బండలోంచి లేచిన నంది ఉన్నాయి. ఆ నంది మెడలోని గంటల పేరును తప్పకుండా దగ్గరి నుంచి చూడాలి. తెలుగు సినిమా నంది అవార్డులకు పేరిచ్చిన నంది ఇదే. హిందూపురం నుంచి 15 కిలోమీటర్లే. పొద్దున్నే వెళ్తే ఏటవాలు ఎండలో గీతలు బాగా తేలతాయి.

వచ్చే ముందు మళ్లీ ఒకసారి లోపలికి నడవండి. గుడి కట్టించిన అన్నదమ్ములను కూడా చిత్రకారులు పరివారంతో సహా పైకప్పు మీద గీశారు. లేపాక్షి బొమ్మల కళ్లు పెద్దవి, బాగా విప్పారినవి. విరూపణ్ణ కళ్ల కోసం జనం బయట మరకలు వెతుకుతుంటే, ఆయన లోపల కళ్లు తెరిచి దేవుణ్ణి చూస్తూనే ఉన్నాడు.