మసనదు సింహాసనమేనా?

దక్కను చరిత్రను తెలుగులో రాసేవారు ఆసఫ్ జాహీ ప్రభువులను 'సింహాసనం' ఎక్కించడం పరిపాటి అయింది. సమకాలిక పారశీక రచనలు ఆ ఆసనాన్ని సాధారణంగా 'మసనదు' అంటాయి. ఈ మార్పుతో ఒక రాజకీయ స్థితి యావత్తూ చదువరి కంటబడకుండా పోతున్నది.

మసనదు అరబ్బీ పదం. 'ఆనుకొను' అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టినది. ఆనుకొని కూర్చునే దిండు దాని మూలార్థం. మన గ్రామ రికార్డులకు చిరపరిచితమైన ఇనాం 'సనదు' కూడా ఈ ధాతువు సంతానమే. హక్కుదారు తన హక్కుకు ఆధారంగా చూపేది సనదు. వ్యుత్పత్తి ఇంతవరకే చెబుతుంది. మిగిలినది చరిత్ర చెప్పాలి.

'తఖ్తు' పారశీకం, పలక, చెక్క వేదిక అని అర్థం. అది పాదుషా ఆసనం. షాజహాను నెమలి సింహాసనాన్ని 1739లో నాదిర్షా తరలించుకుపోయినా, తఖ్తు అనే మాట మాత్రం ఢిల్లీలోనే నిలిచింది. 1724లో షకర్‌ఖేడా యుద్ధంలో గెలిచిన నిజాముల్ముల్క్ సైన్యాన్ని, ఖజానాను, ఉద్యోగ నియామకాలను తన చేతిలో ఉంచుకున్నాడు, పాదుషా అనిపించుకోలేదు. 1857 వరకు హైదరాబాదు నాణేలపైనా ఖుత్బాలోనూ మొగలు చక్రవర్తి పేరే. అధికారమంతా చలాయిస్తూ సార్వభౌమత్వం చాటుకోని ప్రభువుకు ఆ దిండు చక్కగా సరిపోయింది.

మొగలుల పేరు తొలగినా మసనదు తొలగలేదు. కిరీటం, సింహాసనం విక్టోరియా రాణివేనని భావించిన బ్రిటిష్ ప్రభుత్వానికి, సంస్థానాధీశుల విషయంలో 'గాదీ', 'మసనదు' అనే మాటలే అనుకూలించాయి.

అవధ్ కథ వేరు. నవాబు వజీరు ఘాజీఉద్దీన్ హైదర్ 1819లో కంపెనీ ప్రోత్సాహంతో తనను రాజుగా ప్రకటించుకున్నాడు. మసనదు పోయి తఖ్తు వచ్చింది. 1856లో అదే కంపెనీ రాజ్యాన్నే కలుపుకున్నది. రెండు ఆసనాలకూ తెలుగులో 'సింహాసనం' అనే రాస్తే, 1819లో మారినదేమిటో పాఠకుడికి తెలిసేదెలా?

సింహాసనం అభిషేకంతో ముడివడిన మాట. 1674లో రాయగఢ్‌లో శివాజీకి అది అవసరమైనది అందుకే. పోనీ, తెలుగు 'గద్దె' వాడరాదా? హిందీ గద్దీ, మరాఠీ గాదీ పరుపును స్ఫురింపజేస్తాయి కనుక మసనదుకు దగ్గరివే. తెలుగు గద్దె ఎత్తయిన అరుగు వైపు మొగ్గింది. మేడారంలో సమ్మక్క, సారలమ్మలు కొలువుదీరే గద్దెలు రాజాసనాలు కావు. కాబట్టి అదీ పూర్తిగా అతకదు.

పాఠ్యగ్రంథాల పరిష్కర్తలు మసనదును మసనదుగానే ఉంచి, తొలి ప్రస్తావనలో ఒక్కసారి అర్థం చెబితే చాలును. సనదు ఎరిగిన పాఠకుడికి అది కొరుకుడుపడని మాట కాదు.